పరహస్తము నుండి స్వహస్తమునకు

మంగలి కత్తి క్రింద మెడ చాచి కూర్చుండుట ఎంత విశ్వాసముతో కూడిన పనియో మనుష్యుడు సాధారణముగా తలపోయడు. ఎదుటివాని చేతిలో వెండ్రుకను చీల్చగల ఉక్కు ధార ఉండును. అది కంఠమునకు పైననే కదలుచుండును. కూర్చున్నవాడు మాత్రము కన్నులు అరమోడ్చి ఊరి సంగతులు వినుచుండును. భారతదేశమున వేల సంవత్సరములు క్షౌరమనగా ఇట్లు పరుల చేతికి తనను అప్పగించుకొనుటయే. రాజైనను, రైతైనను, సన్న్యాసియైనను తన గడ్డమును తాను గీసికొనుట అరుదు. కత్తి ఒక కులము చేతిలో ఉండెను, ముఖము మరియొకరిది.

ఆ కత్తి క్రమముగా పరహస్తము నుండి స్వహస్తమునకు వచ్చినది. చూచుటకు ఇది చిన్న మార్పు. దాని వెనుక లోహవిద్య ఉన్నది, వైద్యము ఉన్నది, మతము ఉన్నది, రైలుమార్గములు ఉన్నవి. అన్నిటికంటె ముఖ్యముగా, ఎవరి గడ్డమును ఎవరు ముట్టవచ్చును, ఎవరిది ముట్టరాదు అను కఠినమైన ప్రశ్న ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ సీమలో, బెల్తరా వంటి గ్రామముల నడుమ, రైలు పట్టాల ప్రక్కన పెరిగిన కాలనీలలో ఈ ప్రశ్న స్పష్టముగా కనబడును. కాని దానిని అర్థము చేసికొనవలెనన్నచో మొదట కొంత వెనుకకు పోవలయును.

వేదవాఙ్మయమున క్షురమను మాట ప్రాచీనమైనది. అథర్వవేదమున క్షౌరకర్మకు సంబంధించిన సూక్తమే కలదు. గృహ్యసూత్రములు రెండు సంస్కారములను విధించినవి. ఒకటి చూడాకర్మ, అనగా శిశువునకు తొలిసారి పుట్టువెండ్రుకలు తీయుట. రెండవది కేశాంతము, దానినే గోదానమనియు అందురు. ఇది యువకుని గడ్డమునకు తొలిసారి కత్తి తగులు దినము. మనుస్మృతి దీనికి వయస్సును కూడ నిర్ణయించినది: బ్రాహ్మణునకు 16వ ఏట, క్షత్రియునకు 22వ ఏట, వైశ్యునకు 24వ ఏట. తొలి క్షౌరము ఇంత గంభీరమైన ఘట్టముగా భావింపబడినది. అయినను ఇక్కడ గమనింపదగినది ఒకటి కలదు. ఆ దినమున కొత్తది యువకుని చెంపయే గాని చేయి కాదు. అతడు కత్తి పట్టుట నేర్చుకొనడు, కత్తి క్రింద కూర్చుండుట నేర్చుకొనును. శూద్రునకు ఈ శ్లోకములో వయస్సే లేదు. గడ్డము అందరికి మొలచును, సంస్కారము మాత్రము కొందరికే.

కత్తిని సొంత సామగ్రిగా చేసికొన్నవారు మొదట బౌద్ధభిక్షువులు. భిక్షువు ఉంచుకొనదగిన ఎనిమిది పరిష్కారములలో మూడు చీవరములు, భిక్షాపాత్ర, నడికట్టు, సూది, నీటి వడపోతగుడ్డలతోపాటు క్షురము కూడ ఒకటి. వినయపిటకము కత్తిని, దానిని నూరు రాతిని, ఒరను అనుమతించినది. భిక్షువులు ఒకరి తల ఒకరు గొరుగుకొనుచుండిరి. ఇల్లు లేదు, కులవృత్తివాడు లేడు, ధాన్యపు కూలి లేదు. అమరావతిలోను, నాగార్జునకొండలోను కృష్ణాతీరపు విహారములలో నివసించిన భిక్షువులు ఈ వినయనియమములకే కట్టుబడినవారు. సాముదాయికముగా క్షౌరవిద్య నేర్చుకొన్న తొలి సమాజము ఈ సంఘమే అనవచ్చును.

అక్కడనే మరియొక సంగతి కలదు. శాక్యుల క్షురకుడైన ఉపాలి రాజకుమారులతోపాటు సంఘమున చేరెను. శాక్యుల గర్వమణగుటకై అతనికే మొదట ప్రవ్రజ్య ఇప్పించిరనియు, తరువాత ఆ రాజకుమారులు అతనికి నమస్కరింపవలసి వచ్చెననియు బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. బుద్ధుని నిర్యాణానంతరము రాజగృహమున జరిగిన సంగీతిలో వినయమునంతను నోటితో అప్పగించినవాడు ఈ ఉపాలియే. కత్తిపట్టిన చేయి ధర్మశాస్త్రమునకు ప్రమాణమైనది. అయినను వినయమున వేరొక నియమము కనబడును: పూర్వాశ్రమమున క్షురకుడైనవాడు భిక్షువైన పిమ్మట మంగలి పొదిని తన వెంట ఉంచుకొనరాదు. పాత వృత్తిని అడ్డుపెట్టుకొని గృహస్థులనుండి వస్తువులు రాబట్టిన ఒక సంఘటన ఈ నియమమునకు కారణమని ఆ గ్రంథమే చెప్పును. అందరికి క్షురము సంఘపరికరమైనది. మంగలిగా పుట్టినవానికి మాత్రము అది అతని గతమును జ్ఞాపకముచేయు వస్తువుగనే మిగిలినది.

కత్తి పట్టుటను విద్యగా బోధించినవారు మన దేశమున వైద్యులు. సుశ్రుతసంహిత శస్త్రములు 20 విధములని చెప్పి, వాని ధారను గూర్చి విశేషముగా విచారించినది. మినుముల వన్నె గల నునుపైన రాతిమీద శస్త్రమును నూరవలయును, ఆ పిమ్మట ధార నిలుచుటకై బూరుగుచెక్క పలకమీద దానిని ఒరయవలయును. బాగుగా నూరిన శస్త్రము వెండ్రుకను చీల్చవలయునని పరీక్ష. నేటి క్షురకుడు సానరాతి తరువాత తోలుపట్టెను వాడుట ఇదే పద్ధతి. రాయి ధారను పుట్టించును, మెత్తని పలక ఆ ధారను సరిచేయును.

శిష్యుడు ఎట్లు నేర్చుకొనవలెనో కూడ సుశ్రుతుడు చెప్పెను. కోయుటను గుమ్మడి, సొర, దోస వంటి కాయలమీద అభ్యసింపవలయును. గీరుటను మాత్రము రోమములతో కూడి సాగదీసిన చర్మముమీద అభ్యసింపవలయును. శాస్త్రమెంత చదివినను చేతితో అభ్యాసము చేయనివాడు పనికి అయోగ్యుడని అతని తీర్పు. రోమములు గల చర్మమును సాగదీసి దానిపై కత్తి నడపుట క్షౌరమునకు తొలి పాఠము కాక మరేమి? వైద్యశిష్యునకు ఇట్లు చచ్చిన చర్మము లభించినది. మంగలి కుమారునకు అట్టి సౌకర్యము ఎప్పుడును లేదు. తల ఎవనిదో తెగినను నేర్చుకొనువాడు మంగలి కొడుకని హిందీ ప్రాంతమున సామెత కలదు. పని లేని మంగలి పిల్లి తల గొరిగెనని తెలుగువారి సామెత. రెంటిలోను నవ్వు ఉన్నది. ఆ నవ్వు చాటున, ఎవని తలమీదనో నేర్చుకొనక తప్పని ఒక బాలుని భయము కూడ ఉన్నది.

ధార నిలువవలెనన్నచో ఉక్కు మంచిదై ఉండవలయును. ఈ విషయమున తెలుగుదేశము ప్రపంచమునకు ఋణదాత. నేటి తెలంగాణమున నిర్మల్, కోనసముద్రము ప్రాంతముల కమ్మరులు మూసలలో ఇనుమును కరగించి ఒక విశిష్టమైన ఉక్కును తయారుచేయుచుండిరి. ఐరోపీయులు దానిని వూట్జ్ అనిరి. దక్షిణభాషలలోని ఉక్కు అను మాటయే ఆ పేరునకు మూలమని పలువురి అభిప్రాయము. త్రికోణమితి సర్వేలో భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వైసీ కోనసముద్రపు మూసలను, కొలుములను స్వయముగా చూచి వర్ణించెను. 1824లో అతడు మరణించిన పిమ్మట ఆ వర్ణన 1832లో బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. పారసీక వర్తకులు ఆ గ్రామమునకు వచ్చి ఉక్కు కొనిపోవుచుండిరని అతడు వ్రాసెను.

1794లో బొంబాయినుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు ఈ ఉక్కు ముక్కలను లండనులోని సర్ జోసఫ్ బ్యాంక్సునకు పంపెను. మరుసటి సంవత్సరమే జార్జి పియర్సన్ రాయల్ సొసైటీలో దీనిపై ప్రబంధము చదివెను. లండను నగరమున శస్త్రములు చేయు జేమ్స్ స్టోడార్ట్ ఐరోపా ఉక్కుకంటె ఈ భారతీయపు ఉక్కే మేలని తన అంగడి ప్రకటనపత్రములోనే అచ్చువేసికొనెను. ఈ స్టోడార్ట్‌తో కలసి మైకేల్ ఫారడే 1819 మొదలు కొన్ని సంవత్సరములు ఉక్కు మిశ్రమములపై ప్రయోగములు చేసెను. వూట్జ్ రహస్యమును కనుగొనవలెననునది వారి తొలి ప్రేరణ. ఆ ప్రయోగములలో పుట్టిన మిశ్రలోహములతో క్షురములు చేయించి ఫారడే తన మిత్రులకు కానుకగా ఇచ్చెను. విద్యుచ్ఛాస్త్రమునకు పునాది వేసిన మహామేధావి అంతకుముందు గడ్డము గీచు కత్తులను గూర్చి ఆలోచించెను. ఆ ఆలోచనకు మూలము తెలుగు కమ్మరి మూసలో ఉండెను. ఆ కమ్మరుల పేర్లు మాత్రము ఏ ప్రబంధమునకును ఎక్కలేదు.

పశ్చిమమున గడ్డమునకు వేరొక చరిత్ర కలదు. యుద్ధమున శత్రువు గడ్డము పట్టుకొని ఈడ్చునను భయముతో అలెగ్జాండరు తన మాసిడోనియా సైనికులకు గడ్డములు తీయించెనని ప్లూటార్కు వ్రాసెను. క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున సిసిలీ ద్వీపమునుండి క్షురకులు రోమునకు వచ్చిరని, దినదినము క్షౌరము చేయించుకొనుట సిపియో ఎమిలియానసుతో మొదలైనదని ప్లినీ చెప్పెను. అక్కడను కత్తి చాలకాలము పరుల చేతిలోనే ఉండెను. 18వ శతాబ్దమున పరిస్థితి మారినది. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ ఇంగ్లండులో మూస ఉక్కును తయారుచేసిన పిమ్మట షెఫీల్డు కత్తులు పదునైనవి, సమానగుణము గలవి అయినవి. నగరజీవనమున గడ్డము లేని ముఖము మర్యాదకు గురుతైనది. ప్రతిదినము క్షురకుని కొరకు వేచియుండుట కష్టమైనది.

సరిగా ఈ కాలముననే, 1769లో, పారిస్ నగరపు కత్తుల పనివాడు జాఁ జాక్ పెరే ఒక గ్రంథము ప్రకటించెను. తన గడ్డమును తాను గీసికొనుట నేర్చుకొను కళ అని దాని పేరే చెప్పుచున్నది. ఏ రాతిని ఎట్లు గుర్తింపవలెను, దేనిపై ఏ పనిముట్టును నూరవలెను అను విషయములను కూడ అతడు అందులో వివరించెను. వడ్రంగి చిత్రికనుండి ఊహ గైకొని, ధార కొంచెమే బయట కనబడునట్లు కత్తికి ఒక తొడుగును కూడ అతడు కల్పించెను. కులముల గుట్టుగా, సంఘముల రహస్యముగా ఉండిన విద్య పుస్తకమునకు ఎక్కి, కొన్నవాని సొత్తైనది. ఆ శతాబ్దాంతమునకు ఇంగ్లండు పత్రికలలో, స్వయముగా గడ్డము గీసికొను పెద్దమనుషులకని ప్రత్యేకముగా కత్తులను, సబ్బులను, తోలుపట్టెలను ప్రకటించుచుండిరి.

ఆ విద్య ఏమో కొంత వివరముగా చూడవలయును. ఎందుకనగా నేర్చుకొనువాని కష్టము తెలిసిననే గాని నేర్చినవాని ఘనత తెలియదు.

కొత్తవాడు మొదట నేర్చుకొనవలసినది చెంపమీద కాదు, తోలుమీద. సానరాతిపై కత్తిని నడపునపుడు ధార ముందు పోవును. తోలుపట్టెపై మాత్రము వీపు ముందు పోవలయును, ధార వెనుక రావలయును. ఇది తారుమారైనచో తోలు తెగును, ధార చెడును. వీపు, ధార రెండును ఒకేసారి పట్టెను అంటియుండవలయును. వీపును కొంచెము ఎత్తినను ధార మడగిపోవును. చివరకు వచ్చినపుడు కత్తిని వీపుమీద దొర్లించి త్రిప్పవలెనే గాని ధారమీద కాదు. కొత్తవాడు వేగముగా నడపిన కత్తికంటె అనుభవశాలి నెమ్మదిగా నడపిన కత్తి పదునుగా ఉండును. కొత్తవాని చేతిలో చెడిపోవు కత్తులలో అధికభాగము గడ్డముమీద కాక తోలుమీదనే చెడిపోవును.

తరువాతది నీరు. ఎండిన వెండ్రుక గట్టిది. వేడినీటిని పీల్చుకొన్నప్పుడు అది ఉబ్బి మెత్తబడును. సబ్బు నురుగు ఆ తేమను నిలిపి, కత్తికి జారుడునిచ్చును. ఈ నిరీక్షణను భరింపలేనివాడు నెత్తురుతో దాని మూల్యము చెల్లించును. అటుపిమ్మట ఎడమచేతితో చర్మమును బిగువుగా లాగవలయును. చూచువారికి కుడిచేతి పని కనబడును గాని క్షౌరమున సగము పని ఎడమచేతిదే. కత్తిని చర్మమునకు సుమారు 30 డిగ్రీల కోణమున ఆనింపవలయును. మరీ పరచినచో వెండ్రుకను తెగనీయక పీకును, మరీ నిలిపినచో చర్మమున దిగును. వెండ్రుక మొలచిన దిక్కుననే చిన్న చిన్న కదలికలతో పోవలయును. కత్తిని దాని పొడవువెంట పక్కకు జరుపరాదు. కూరగాయను కోయు పద్ధతి అదే గనుక చర్మము కూడ అట్లే తెగును. బలము ప్రయోగింపరాదు. కత్తి బరువే దానికి చాలును.

ఈ నియమములన్నియు తెలిసియు కొత్తవాని చేయి వణకును. ఎదుట అద్దమున కుడి ఎడమలు భ్రమ గొలుపును. కుడిచేతితో కుడిచెంప సులభముగా వచ్చును. ఎడమచెంపకు వచ్చుసరికి చేయి ముఖమునకు అడ్డుపడును. అందుచేతనే పెద్దలు తొలిదినమున చెంపలతోనే ఆపివేయుమందురు. కొన్ని దినముల పిమ్మట దవడ, ఆపైన పైపెదవి, గడ్డపు గుంట, చిట్టచివరకు కంఠము. కఠోపనిషత్తు తత్త్వజ్ఞానమార్గమును క్షురధారతో పోల్చినది. ఆ ఉపమానమును చెప్పినవానికి నడచుట ఎంత కష్టమో తెలియును. కంఠమున తొలిసారి కత్తి ఆనించిన యువకునకు ధార అనగా ఏమో కూడ తెలియును.

ఇంత విద్యను తరతరములుగా చేతిలో ఉంచుకొన్న క్షురకునకు మన సమాజమున ఏ స్థానము లభించినది? తెలుగుదేశమున అతడు గడ్డము గీయువాడు మాత్రమే కాదు. అతని పొదిలో కత్తితోపాటు సానరాయి, కత్తెర, గోళ్ళు తీయు పనిముట్టు, చిన్న అద్దము ఉండును. అతడు పుండ్లు కోసి కట్టుకట్టెడి వైద్యుడు. అతని ఇంటి స్త్రీ మంత్రసాని. పెండ్లిలో సన్నాయి ఊదువాడు అతడే. పుట్టుకనుండి చావువరకు అతడు లేని శుభాశుభములు లేవు. తిరుమల కల్యాణకట్టలో భక్తుడు తన తలనీలాలను దేవునికి సమర్పించుట కూడ అతని చేతిమీదుగనే. ఇన్ని మంగళకార్యములు చేయు ఆ మనుష్యుడు ప్రయాణమునకు పోవువానికి ఎదురైనచో అది అశకునమని చెప్పుకొనినవారును ఈ దేశమువారే. కళ్ళమున ధాన్యము కొలుచునపుడు రైతు ఇచ్చెడి మేరయే అతని కూలి. పంట పండినచో మేర, లేనిచో రుణము. కత్తి అతనిది, కొలుచు కుంచము మాత్రము రైతుది.

ఈ చరిత్రలో అపురూపమైన ఒక ఘట్టము విజయనగర కాలమున జరిగినది. సదాశివరాయల పాలనలో, అధికారము అళియ రామరాయల చేతిలో నున్నపుడు, కొండోజు అను క్షురకుడు ఆయనకు ప్రీతిపాత్రుడయ్యెను. బాదామినుండి రాయలసీమవరకు అనేక స్థలములలో తెలుగు, కన్నడ శాసనములు దీనికి సాక్షులు. రామరాయలు తృప్తుడై వరము కోరుమనగా, కొండోజు తనకు మాన్యము కోరి ఊరుకొనలేదు. తన వృత్తివారందరిపైగల పన్నులను, వెట్టిని తీసివేయించెను. ఊరూర రాళ్ళమీద చెక్కించిన ఆ ఆజ్ఞలు నేటికిని నిలిచియున్నవి. రాజు కంఠముమీద ప్రతిదినము కత్తి ఉంచిన మనుష్యుడు ఆ సాన్నిహిత్యమును తనవారి బరువు దించుటకు ఉపయోగించెను. రామరాయల యుద్ధములను పలువురు చరిత్రకారులు వ్రాసిరి. ఈ కొండోజు విజయము మాత్రము శాసనపరిశోధకులకే పరిచితమైనది.

ఇక ఛత్తీస్‌గఢ్ సంగతి. రతన్‌పుర్ ఒకప్పుడు కలచురి రాజుల రాజధాని. దానికి సమీపమైన బిలాస్‌పుర్ 1861లో ప్రత్యేక జిల్లా అయినది. బెల్తరా ఆ జిల్లాలోనిదే. ఆ సీమ గ్రామములలో కూడ మంగలి, చాకలి, కమ్మరి తమ వాడుక ఇండ్లకు పనిచేసి పంటలో భాగము పొందుచుండిరి. కాని ఈ వలయమునకు వెలుపల ఒక పెద్ద సమూహము ఉండెను. గిరోద్‌పురిలో 1756లో జన్మించిన గురు ఘాసీదాసు చర్మకారకులమువారిలో సత్‌నామ్ మార్గమును బోధించెను. నామమొక్కటే సత్యమనియు, విగ్రహములు వలదనియు, మద్యమాంసములు విడువవలెననియు, మనుష్యులలో హెచ్చుతగ్గులు లేవనియు ఆయన ఉపదేశము. సత్నామీలు ఆచారమున ఎంత శుచిగా నుండినను గ్రామపు మంగలి వారికి క్షౌరము చేయడు, చాకలి వారి బట్టలు ఉతకడు. చేసినచో ఇతర కులములు తమ ఇండ్లకు ఆ మంగలిని రానీయవు, అతని కూలి పోవును. ఇక్కడ నిరాకరించినది మంగలి చేయియే గాని ఆ చేతిని వెనుకనుండి పట్టి ఆపినది ఊరు.

అందుచే సత్నామీలు తమ పనిని తామే నేర్చుకొనిరి. పుట్టుక, పెండ్లి, చావు సందర్భములలో ఇతరులకు పురోహితుడు, మంగలి, చాకలి చేయు కార్యములను వారు తమవారిచేతనే జరిపించుకొనిరి. మహంతులు, భండారీలు, సాఠీదారులు అను వారి సొంత వ్యవస్థ ఊరు ఇవ్వని దానిని పూరించినది. పారిస్ నగరమున స్వహస్తక్షౌరము సౌకర్యముకొరకు పుట్టినది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో అది నిరాకరణనుండి పుట్టినది. రెండుచోట్లను చేతి వణకు ఒకటే. కాని ఒకచోట నేర్చుకొనుట విలాసము, మరియొకచోట ఆత్మగౌరవము.

1887లో స్థాపితమైన బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పుర్‌నుండి ఆసన్‌సోల్‌వరకు ప్రధానమార్గమును పూర్తిచేసినది. బిలాస్‌పుర్ దానిలో ముఖ్యమైన కూడలి అయినది. 1902లో ఆ సంస్థ కటకమునుండి వాల్తేరువరకుగల తూర్పుతీరపు మార్గమును కూడ తన క్రిందికి తెచ్చుకొనెను. 1931లో రాయ్‌పుర్ విజయనగరముల నడుమ మార్గము పూర్తియైనది. విశాఖ, శ్రీకాకుళ ప్రాంతముల తెలుగువారు ఈ పట్టాలవెంట ఖరగ్‌పుర్, రాయ్‌పుర్, బిలాస్‌పుర్ రైలు కాలనీలకు చేరిరి. ఆ రైల్వే 1944లో ప్రభుత్వపరమై, 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమై, 2003లో బిలాస్‌పుర్ కేంద్రముగా ఆగ్నేయమధ్య రైల్వే ఏర్పడినది. ఆ కుటుంబములలో పలువురు తెలుగును ఇంటిలోను, హిందీని వీధిలోను, ఛత్తీస్‌గఢీని అంగడిలోను మాటలాడుచు స్థిరపడిరి.

రైలు కాలనీలో కళ్ళము లేదు, మేర లేదు, వాడుక మంగలి లేడు. పగలు రాత్రి అను భేదము లేక వంతులవారీగా పనికి పోవువానికి మంగలివారమని, శనివారమని పట్టింపులు సాగవు. కాగా ఇక్కడ రెండు మార్గములు ఏర్పడినవి. ఒకటి నాణెము తీసికొని పని చేయు అంగడి. కుర్చీలో కూర్చున్నవాని కులము అడుగుటకు అచ్చట తీరిక తక్కువ. రెండవది గోడకు తగిలించిన అద్దము ముందు స్వహస్తక్షౌరము. జీతము, గడియారము, కాలనీ, ఈ మూడును కలసి శాస్త్రములు విప్పలేని ముడిని కొంత వదులుచేసినవి. కొంతయే, పూర్తిగా కాదు. పట్టాలకు ఆవల పల్లెలలో పాత నిషేధములు చాలకాలము కొనసాగినవి.

ఈ సంగతిలోని నీతిని తన అనుభవమునుండి స్పష్టముగా చెప్పినవాడు గాంధీజీ. ఇంగ్లండు వెళ్ళిన భారతీయుడు గడ్డము గీసికొనుటను నేర్చుకొనునుగాని తల కత్తిరించుకొనుటను నేర్చుకొనడని ఆయన తన ఆత్మకథలో వ్రాసెను. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒక ఆంగ్లేయ క్షురకుడు ఆయనకు క్షౌరము చేయుటకు తిరస్కరించెను. గాంధీజీ అంగడికి పోయి కత్తెర యంత్రము కొని, అద్దము ముందు నిలిచి తన జుట్టు తానే కత్తిరించుకొనెను. ముందుభాగము కొంత కుదిరినది, వెనుకభాగము చెడినది. న్యాయస్థానమున మిత్రులు ఎలుకలు కొరికినవా అని నవ్విరి. కాని ఆయన ఆ క్షురకుని దూషింపలేదు. నల్లవారికి పనిచేసినచో అతని తెల్ల ఖాతాదారులు పోవుదురు. మన దేశమున మన మంగళ్ళను అస్పృశ్యులకు క్షౌరము చేయనిత్తుమా అని తనను తాను ప్రశ్నించుకొనెను. ప్రిటోరియా అంగడి, ఛత్తీస్‌గఢ్ పల్లె ఈ ఒక్క వాక్యార్థమున కలసికొన్నవి.

క్షురకుని నిరాకరణ ఎల్లప్పుడు అన్యాయమువైపే నిలువలేదు. 19వ శతాబ్దమున కొన్ని కులముల వితంతువులకు బలవంతముగా శిరోముండనము చేయించు దురాచారము ఉండెను. ఆ కార్యమునకు కూడ పిలువబడినవాడు మంగలియే. 1890లో బొంబాయి నగరమున కొన్ని వందల క్షురకులు సమావేశమై, ఇకమీదట వితంతువుల తలలు గొరుగమని నిర్ణయించుకొనిరి. పండితులు శాస్త్రములు వెదకుచుండగా కత్తి పట్టినవారు కత్తిని దించివేసిరి. ఏ తలపైన కత్తి ఉంచవలెనో, దేనిపైన ఉంచరాదో నిర్ణయించు హక్కు తమకును కలదని ఆనాడు వారు చాటిరి.

స్వాతంత్ర్యానంతరము ఈ ప్రశ్న రాజ్యాంగసభకు వచ్చినది. అంగళ్ళలోనికి అందరికి ప్రవేశముండవలెనను నిబంధనపై 1948 నవంబరు 29న చర్చ జరుగగా, అంగడి అనగా కోరి వచ్చినవారెవరికైనను యజమాని సేవ అందించు స్థలమని అంబేడ్కర్ విశాలార్థము చెప్పెను. ఆ అర్థమున క్షౌరశాల కూడ ఇమిడిపోవును. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది, 1955 నాటి చట్టము అట్టి నిరాకరణను శిక్షార్హము చేసినది. ఒక మనుష్యుని గడ్డమునకు నీటిచుక్క తగులుట దేశపు మూలశాసనమునకు విషయమగుట చిన్నతనము కాదు. ఆ చుక్క ఎన్ని తరములవారికి తగులలేదో తలచినచో అది చిన్న విషయముగా తోచదు.

ఈలోగా కత్తియే మారినది. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ పలుచని ఉక్కురేకును బిగించు క్షురయంత్రమును 1903లో అమ్మకమునకు పెట్టెను. తొలి సంవత్సరమున 51 యంత్రములు, 168 రేకులు మాత్రమే అమ్ముడుపోయినవని చెప్పుదురు. 1904లో అతనికి హక్కుపత్రము లభించినది. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల పొదులలో చేరి అది లోకమంతట వ్యాపించినది. పెరే చిత్రికనుండి ఊహించిన తొడుగు ఇక్కడ పరిపూర్ణమైనది. నూరవలసిన పని లేదు, తోలు వలదు, కోణమును యంత్రమే నిర్ణయించును. 20వ శతాబ్దాంతమున రక్తముద్వారా సోకు వ్యాధుల భయముతో మన క్షౌరశాలలలో కూడ నూరు కత్తి మూలబడి, ప్రతి మనిషికి కొత్త రేకు బిగించు కత్తి వచ్చినది. సానరాయి తెలిసిన చేతులు తగ్గినవి. తెలుగు రాష్ట్రములలో ఆ వృత్తివారు నేడు నాయీ బ్రాహ్మణులను పేరును ధరించుచున్నారు. పేరు మార్పులోని ఆకాంక్ష, ఉపాలి కాలమునుండి కొండోజు కాలమువరకు గల ఆకాంక్షయే.

పరహస్తమునుండి స్వహస్తమునకు కత్తి వచ్చుటతో మనుష్యుడు ఒక పరాధీనతనుండి విడివడినాడు. నిరాకరింపబడినవానికి ఇది నిజమైన విముక్తి. కాని మరియొక పాఠము కూడ ఇందున్నది. తొలిసారి కత్తి చేతబట్టి, అద్దము ముందు నిలిచి, ఎడమచెంప వద్ద తడబడి, గడ్డపు గుంటలో నెత్తురు చూచిన ప్రతి కొత్తవానికి ఒక సత్యము తెలియును. ఇన్ని తరములు చెట్టునీడన గొంతుకూర్చుండి, ఒక్క గీత పడకుండ ఊరంతటికి ఈ పని చేసిన మనుష్యుని విద్యకు కుంచెడు ధాన్యము వెల కాదు. ఆ వెలను కట్టినవారు ఆ కత్తిని ఎన్నడును చేత పట్టి యెరుగనివారు.